పోస్టులో బొంత ముక్కల మార్పిడి: పన్నెండు మందితో నడిపే పద్ధతి

అతుకుల బొంతకు రకరకాల గుడ్డ కావాలి, కానీ ఒక్కొక్కటీ కొంచెమే కావాలి. బట్టల కొట్లో అర్ధ మీటరు లోపు కోసివ్వడానికి ఒప్పుకోరు. పన్నెండు రకాలు మీటరు చొప్పున కొంటే డబ్బూ ఎక్కువవుతుంది, గుడ్డా బీరువాలో మిగిలిపోతుంది. పన్నెండు మంది తలా ఒక మీటరు కొని, ఒకే కొలతకు ముక్కలు కోసి, పోస్టులో ఒకరి దగ్గరికి పంపి, అక్కడినుంచి పంచుకుంటే ప్రతి ఇంటికీ పన్నెండు డిజైన్లు చేరతాయి. కర్నూలు, ఆదోని, గుంతకల్లు, అనంతపురం, ధర్మవరం, కడప, ప్రొద్దుటూరు అంటూ ఒక్కో ఊళ్ళో ఒక్కరిద్దరుగా కుట్టుకునేవాళ్ళకు ఇది బాగా కుదిరే పని.

చేరినవాళ్ళందరికీ మొదటి భయం పోస్టులో పోతుందేమోనని. నిజానికి మార్పిడి చెడేది ఎక్కువగా మూడు చోట్ల: ముక్క కొలత, గుడ్డ రకం, దిగే రంగు. ఈ మూడింటి గురించి నడిపేవారు ముందే గట్టిగా చెప్పాలి, వచ్చాక గట్టిగా చూడాలి. మొహమాటపడి ఒకరి చెడ్డ గుడ్డను పంచేస్తే అది పదకొండు బొంతల్లోకి వెళ్తుంది.

ముందు లెక్క

నడిపే మీతో కలిపి 12 మంది అనుకుందాం. ఎనిమిది కన్నా తక్కువైతే రకాలు చాలవు. 20 దాటితే విడదీయడానికే రోజులు పడుతుంది, ఆలస్యం చేసేవాళ్ళూ పెరుగుతారు. మొదటిసారి 12 దాటకండి.

ముక్క కొలత 5 ఇంచుల చతురస్రం. అమెరికాలో బొంతలు కుట్టేవాళ్ళ మధ్య బాగా స్థిరపడిన కొలత ఇది. చార్మ్ స్క్వేర్ పేరుతో వెతికితే ఈ కొలతకు గీసిన నమూనాలు ఎన్నో దొరుకుతాయి. నాలుగు వైపులా పావు ఇంచి కుట్టులోకి పోతే పైకి కనిపించేది నాలుగున్నర ఇంచులు.

ఒక్కొక్కరు ఒకే డిజైనులో 48 ముక్కలు పంపాలి. 44 ముక్కలు మిగతా 11 మందికి, తలా నాలుగు. ఇంకో నాలుగు మీ దగ్గర అదనం. మచ్చ పడినవీ కొలత తప్పినవీ తీసేస్తే ఆ లోటు పూడ్చడానికి. 44 ఇంచుల పన్నా గుడ్డ మీటరు తీసుకుంటే, ఉతికి కుంచించుకున్నాక కూడా అడ్డంగా 8, నిలువుగా 7, మొత్తం 56 ముక్కలు వస్తాయి. 48 పంపగా మిగిలిన ఎనిమిదిలో నాలుగు సొంత వాటా, నాలుగు కోతలో చెడిపోయేవాటి కింద. 36 ఇంచుల పన్నా అయితే అడ్డంగా ఆరే వస్తాయి, మీటరు చాలదు. మీటరూ పావు కొనమని చెప్పండి.

తిరిగి వచ్చేవి 44, తన నాలుగూ కలిపితే 48. ఒంటి మంచం బొంతకు అడ్డం 13, నిలువు 20, మొత్తం 260 ముక్కలు పడతాయి. అది 58న్నర ఇంచుల వెడల్పు, 90 ఇంచుల పొడవు తేలుతుంది. ఒక అచ్చు ముక్క, ఒక సాదా ముక్క మార్చి మార్చి పెడితే అచ్చువి 130 చాలు. అంటే మూడు విడతల మార్పిడికి ఒక బొంత. ఈ లెక్క పిలిచేటప్పుడే చెప్పేయాలి. ఒక్క విడతలో బొంత అయిపోతుందనుకుని చేరినవాళ్ళు రెండో విడతకు రారు.

గుడ్డ ఎంపిక

అచ్చమైన నూలు మాత్రమే. టెరికాట్, పాలిస్టరు కలిసిన గుడ్డ ఎంత బాగున్నా ఈ మార్పిడిలోకి రాకూడదు. నూలు ఉతికినకొద్దీ కుంచించుకుంటుంది, పాలిస్టరు కుంచించుకోదు. రెండూ పక్కపక్కన కుడితే రెండు ఉతుకుల్లోనే కుట్టు దగ్గర ముడతలు తేలతాయి. ఇస్త్రీలోనూ ఇబ్బందే. నూలుకు కావలసిన వేడి పెడితే పాలిస్టరు ముక్క ముడుచుకుపోతుంది.

కొట్లో చెప్పిన మాట మీద ఆధారపడకుండా పోగు కాల్చి చూడమనండి. గుడ్డ అంచునుంచి నిలువు పోగులు నాలుగు, అడ్డపోగులు నాలుగు విడివిడిగా లాగి, స్టీలు పళ్ళెం మీద పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల అంటించాలి. నూలైతే కాగితంలా మండి, కాగితం కాలిన వాసన వచ్చి, వేళ్ళతో నలిపితే పొడి అయ్యే బూడిద మిగులుతుంది. పాలిస్టరైతే కరిగి, నల్లని గట్టి పూసలా ముడుచుకుంటుంది. పడుగు (నిలువు పోగు) ఒక రకం, పేక (అడ్డపోగు) ఇంకో రకం ఉండే గుడ్డలు చాలా ఉన్నాయి కాబట్టి రెండు వైపులా చూడక తప్పదు.

మన ఇళ్ళల్లో ఈ పనికి సిద్ధంగా ఉండే సరుకు ఒకటుంది: పేరంటాల్లో, వరలక్ష్మీ వ్రతాల్లో తాంబూలంతో వచ్చిన జాకెట్ ముక్కలు. సాదా రంగులు కావాలంటే వీటిని మించినవి లేవు. రెండు జాగ్రత్తలు మాత్రం చెప్పండి. కొట్లో కట్టలుగా తెచ్చి పంచే చౌక ముక్కల్లో పాలిస్టరు కలిసినవి ఎక్కువ, ప్రతిదీ కాల్చి చూడాల్సిందే. రెండోది, టూ బై టూ రూబియా మంచి నూలైనా పలచన. మామూలు అచ్చు నూలు పక్కన కుడితే జారుతుంది, కింద ఉన్న ముదురు గుడ్డ పైకి కనిపిస్తుంది. అచ్చు గుడ్డల మార్పిడిలో రూబియా కలపకుండా, సాదా రంగుల విడత వేరే పెట్టుకుంటే అందరి ముక్కలూ ఒకే బరువులో ఉంటాయి.

డిజైను చిన్నదిగా ఉండాలి. చిన్న పూలు, బుటీలు, సన్నగళ్ళు, చుక్కలు బాగుంటాయి. జానెడు నెమలి ఉన్న గుడ్డను 5 ఇంచులకు కోస్తే ఒకరికి మెడ, ఒకరికి తోక వెళ్తాయి. గీతలూ గళ్ళూ ఉన్నవి అందంగా ఉంటాయి, కానీ కోత రవ్వంత పక్కకు పోయినా వంకర తెలిసిపోతుంది. చెయ్యి తిరిగినవాళ్ళకే వదిలేయండి. అద్దాలు, పూసలు, చెమ్కీ కుట్టినవి, జరీ ఉన్నవి వద్దు.

ఎవరు ఏ రంగు తేవాలో మీరే పంచిపెట్టండి. ఇష్టానికి వదిలేస్తే సగం మంది మెరూనో ఆకుపచ్చో తెస్తారు. ముగ్గురికి పసుపు-నారింజ, ముగ్గురికి నీలం-ఆకుపచ్చ, ముగ్గురికి ఎరుపు-గులాబీ, ముగ్గురికి తెలుపు కలిసిన లేత రంగులు ఇస్తే కుట్టేటప్పుడు ఎటు పెట్టినా కుదురుతుంది. రంగు కన్నా ముదురు, లేత తేడా బొంతలో ఎక్కువగా పని చేస్తుంది. ఆ తేడా కంటికి సరిగా తెలియదు. సభ్యులు పంపిన గుడ్డ ఫొటోలన్నీ ఫోనులో నలుపు తెలుపులోకి మార్చి పక్కపక్కన చూడండి, అన్నీ ఒకే బూడిద రంగులో కనిపిస్తే ఇద్దరు ముగ్గురిని లేత గుడ్డ తీసుకోమనాలి. ఇది కొనకముందే జరగాలి. పసిపిల్లల బొంతలకు కొందరు నలుపు పెట్టరు, అది కూడా ముందే అడిగి తెలుసుకోండి.

ఉతకడం, రంగు చూడడం

కోసే ముందు ఉతకడం ఈ మార్పిడిలో తప్పనిసరి చేయండి. కొత్త గుడ్డను ఉతక్కుండా కోసి కుట్టే పద్ధతీ ఉంది గానీ, అది అందరూ ఒకే రకం మిల్లు గుడ్డ వాడినప్పుడు మాట. ఇక్కడ చేనేత, అద్దకం, మిల్లు గుడ్డ అన్నీ కలుస్తాయి. ఒక గుడ్డ రెండు శాతం కుంచించుకుంటే ఇంకో గుడ్డ ఐదు శాతం కుంచించుకుంటుంది.

రంగు దిగే గుడ్డే అన్నింటికన్నా పెద్ద నష్టం చేస్తుంది. ముదురు ఎరుపు, మెరూన్, నీలిమందు నీలం, నలుపు ఎక్కువగా అనుమానించాల్సినవి. పరీక్ష ఇలా చేయమనండి: గుడ్డ మూలలో రెండించుల ముక్క కోసి, వేడి సబ్బునీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి, పిండకుండా తీసి, తెల్లటి నూలు గుడ్డ మడత మధ్య పెట్టి, మీద బరువు ఉంచి ఆరనివ్వాలి. తెల్లగుడ్డకు రంగు అంటితే అసలు గుడ్డను ఇంకోసారి ఉతికి మళ్ళీ చూడాలి. మూడు ఉతుకుల తర్వాత కూడా అంటుతుంటే ఆ గుడ్డను మార్పిడికి పంపకూడదు. ఉప్పునీళ్ళలోనో వెనిగర్‌లోనో నానబెడితే రంగు నిలుస్తుందని చాలామంది నమ్ముతారు. అద్దకం అయిపోయి కొట్టుకు వచ్చిన గుడ్డలో పట్టని రంగును ఉప్పు పట్టించలేదు. అది కడిగితే పోవలసిందే. నీలిమందు గుడ్డను తడితో పాటు పొడిగానూ చూడాలి. తెల్లగుడ్డతో ఇరవైసార్లు రుద్దితే నీలం అంటుకునే రకాలు ఉన్నాయి.

కలంకారీ అచ్చు గుడ్డను గట్టి డిటర్జెంటులో నానబెట్టకూడదు. చల్లని నీళ్ళు, మెత్తని సబ్బు, నీడలో ఆరబెట్టడం. మామూలు అచ్చు గుడ్డల్ని కూడా ఎండాకాలంలో అనంతపురం ఎండకు గంటల తరబడి వదిలేయకండి, పైకి ఉన్న మడత వెలిసి చార పడుతుంది. బోరు నీళ్ళు గట్టిగా ఉండే ఊళ్ళలో సబ్బు పూర్తిగా వదలక గుడ్డ బిరుసుగా, తెల్లపొర పట్టినట్టు ఉంటుంది. చివరి జాడింపుకి తాగే నీళ్ళు ఒక బకెట్టు వాడితే ఆ బాధ ఉండదు.

గంజి సంగతి కాలాన్ని బట్టి చెప్పాలి. పలచని గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే కోత పదునుగా వస్తుంది. కానీ వానల్లో పార్శిలు తేమ పడితే గంజి గుడ్డకు బూజు వాసన త్వరగా పడుతుంది, పురుగూ చేరుతుంది. జూన్ నుంచి నవంబరు వరకు గంజి వద్దనండి. కావాలంటే అందుకున్నవాళ్ళు పెట్టుకుంటారు.

కోత

పన్నెండు ఇళ్ళల్లో పన్నెండు టేపులుంటాయి. పాత టేపు సాగుతుంది, చివర ఉన్న రేకు కొన్నిట్లో కొలతలో కలుస్తుంది, కొన్నిట్లో కలవదు. ఐదించులు అంటే కొందరు 12 సెంటీమీటర్లకు, కొందరు 13కి కోస్తారు. అసలు కొలత 12.7. ముక్క మూడు మిల్లీమీటర్లు తక్కువైతే ఏమవుతుందిలే అనిపిస్తుంది. అలాంటి ముక్కలు పదమూడు ఒక వరసలో పడితే ఆ వరస ఒకటిన్నర ఇంచి పొట్టిదవుతుంది, పక్క వరసతో కలవదు.

అందుకే గుడ్డ మీద పెట్టి కొలత గీసుకునే అచ్చు మీరే చేయించి పంపడం ఉత్తమం. పేర్ల బోర్డులు చేసే కొట్లో 3 మిల్లీమీటర్ల మందం యాక్రిలిక్ షీటును 12.7 సెంటీమీటర్ల చతురస్రాలుగా పన్నెండు కోయించండి. ఒక్కోటి 60 గ్రాముల లోపే ఉంటుంది, కవరులో వెళ్తుంది. ఖర్చు అందరూ పంచుకోవచ్చు. ఒకసారి చేయిస్తే అన్ని విడతలకూ పనికొస్తుంది. అట్టముక్క అచ్చు వాడితే పెన్సిలు రాసుకుని అంచులు అరిగి, నలభయ్యో ముక్కకు కొలత మారిపోతుంది.

కోసే ముందు గుడ్డ పోగు సరిచేయాలి. కొట్లో కత్తెరతో కోసిన అంచు ఎప్పుడూ వంకరే. అంచుకు ఒక ఇంచి లోపల చిన్న గాటు పెట్టి చింపితే గుడ్డ అడ్డపోగు వెంట తిన్నగా చిరుగుతుంది, అదే మొదటి గీత. పక్క అంచు, అంటే బిగువుగా నేసి కంపెనీ పేరు అచ్చుండే పట్టీ, అర ఇంచి వదిలేయాలి. దాని నేత గట్టిది, కుట్టులో ముడుచుకుంటుంది. ఏటవాలుగా కోసిన ముక్క చేతిలోనే సాగుతుంది. ఒకటి రెండు ముక్కలు మిగుల్చుకోవడానికి అచ్చును ఓరగా తిప్పి పెట్టొద్దని విడిగా చెప్పండి.

గీత గీసి కోస్తే గీతకు లోపలి వైపు కోయాలి, లేకపోతే నాలుగు వైపులా గీత మందం కలుస్తుంది. టైలరింగు కత్తెరతో నాలుగు మడతల కంటే ఎక్కువ ఒకేసారి కోయకూడదు, కింది మడత జారుతుంది. గుండ్రటి బ్లేడు కట్టరు, మ్యాటు ఉన్నవాళ్ళకు ఆరు మడతలు కూడా తిన్నగా వస్తాయి. జిగ్‌జాగ్ కత్తెర వాడేవాళ్ళు పంటి కొసనుంచి కొసకు 12.7 ఉండేలా చూసుకోవాలి.

పొట్లం కట్టడం

ముక్కలన్నీ ఒకే వైపు తిప్పి పేర్చి, నాలుగు నాలుగుగా పన్నెండు దొంతరలు చేసి, ఒక్కో దొంతర కింద సన్నని కాగితం పట్టీ పెట్టమనండి. మీకు విడదీసే పని సగం తగ్గుతుంది. గుండుసూదులు వద్దు, తుప్పు మరక పడుతుంది, తీసేవాళ్ళ వేలికి గుచ్చుకుంటుంది. రబ్బరు బ్యాండు అంతకన్నా చెడ్డది. ఎండకు కరిగి గుడ్డకు అంటుకుంటుంది. మొత్తం దొంతరను అడ్డంగా ఒక నూలు దారంతో వదులుగా కడితే చాలు.

దాన్ని జిప్పు కవరులో పెట్టి గాలి తీసేసి మూయాలి. లోపల ఒక చీటీ: పేరు, ఊరు, గుడ్డ రకం, ఎక్కడ కొన్నది, ఎన్నిసార్లు ఉతికింది, ఎన్ని ముక్కలు. చీటీ బాల్ పెన్నుతోనే రాయాలి. జెల్ పెన్ను సిరా తేమ తగిలితే గుడ్డ మీదికి దిగుతుంది.

ఇంకొక మాట, కొంచెం సున్నితమైనది. జాకెట్ గుడ్డ పంపితే పసుపు కుంకుమ పొట్లం కూడా పెట్టడం మన పద్ధతి. పెద్దవాళ్ళు ప్రేమగా పెడతారు. దారిలో ఆ పొట్లం చిట్లితే నలభై ఎనిమిది ముక్కలూ పోతాయి. పసుపు మరక నూలునుంచి సులువుగా వదలదు. పిలుపులోనే మర్యాదగా రాయండి, చీటీ మీద బొట్టు పెట్టి పంపినా అంతే గౌరవమని. తినేవి కూడా వద్దు, చీమలు పడతాయి.

ఒక్కో నూలు ముక్క రెండు గ్రాముల పైన ఉంటుంది, 48 కలిపి దాదాపు 100 గ్రాములు. జిప్పు కవరు, పై కవరుతో 140 దాటదు. పైన గుడ్డ అతికించిన కవరు వాడితే చిరగదు. మూత మీద వెడల్పు టేపు వేయాలి, చిరునామా మీద కూడా ఒక పొర టేపు అతికించాలి.

చిరునామా, పోస్టు

2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. రిజిస్టరు చేయించడం అలవాటైనవాళ్ళు ఇప్పుడు స్పీడ్ పోస్టే అడగాలి. మామూలు పోస్టు చౌకే, కానీ ఎక్కడుందో తెలుసుకునే దారి ఉండదు. 48 ముక్కలు కోసిన శ్రమ ముందు ఆ తేడా పెద్దది కాదు. ధర బరువునూ దూరాన్నీ బట్టి మెట్లుగా పెరుగుతుంది కాబట్టి సభ్యులు కౌంటర్లో తూకం వేయించాకే కట్టాలి. రసీదు మీద 13 అక్షరాల, అంకెల నంబరు ఉంటుంది. ఆ రసీదు ఫొటో అదే రోజు మీకు పంపాలి. పార్శిలు ఎక్కడుందో ఇండియా పోస్టు వెబ్‌సైటులో ఆ నంబరుతో చూడొచ్చు.

పల్లెల్లో బ్రాంచి పోస్టాఫీసు కొద్ది గంటలే తెరిచి ఉంటుంది, ఏ వేళకో ముందే కనుక్కోమనండి. పట్నానికి వెళ్ళే పని ఉన్న రోజు హెడ్ పోస్టాఫీసులో ఇస్తే ఒక రోజు కలిసొస్తుంది.

పిన్ కోడు తప్పితే పార్శిలు పక్క జిల్లా తిరిగి వస్తుంది. అనంతపురం వైపు 515, కడప వైపు 516, కర్నూలు వైపు 518తో మొదలవుతాయి. 517 చిత్తూరు, తిరుపతి వైపుది. 2022లో జిల్లాలు విడిపోయాక ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాలోకి, నంద్యాల సొంత జిల్లాలోకి వెళ్ళాయి గానీ పిన్ కోడులు మారలేదు. జిల్లా పేరు పాతది రాసినా, కొత్తది రాసినా, ఆరంకెలు సరిగా ఉండాలి. ఫోను నంబరు తప్పక రాయాలి. గుడి వెనకో, వాటర్ ట్యాంకు పక్కనో ఒక గుర్తు రాస్తే పోస్ట్‌మ్యాన్‌కు వెతుకులాట తప్పుతుంది.

తిరుగు పార్శిలు ఖర్చు ముందే వసూలు చేయండి, ఫోన్‌పే ద్వారానో మరో దారిలోనో. కవరులో నోట్లు పెట్టి పంపనివ్వకండి. అందరి చిరునామాలూ మీ పుస్తకంలోనే ఉండాలి. వాట్సాప్ గ్రూపులో జాబితాగా పెట్టొద్దు. ఆడవాళ్ళ ఇంటి చిరునామాలు, ఫోను నంబర్లు ఎవరెవరికో చేరడం మంచిది కాదు.

ఆర్టీసీ కార్గో కూడా వాడొచ్చు, కానీ అది బస్టాండు దాకానే అనుకోండి. అందుకునేవాళ్ళు వెళ్ళి తెచ్చుకోవాలి. ఒకే ఊళ్ళో నలుగురు సభ్యులుంటే వాళ్ళ నాలుగు పొట్లాలూ ఒక పెట్టెలో పంపడానికి బాగుంటుంది.

తేదీలు

మొత్తం ఏడు వారాలు పెట్టుకోండి. ఒక వారం చేరడానికి, రంగులు పంచుకోవడానికి. మూడు వారాలు కొనడానికి, ఉతకడానికి, కోయడానికి. పోస్టు చేయడానికి ఒక ఆఖరి తేదీ. అక్కడినుంచి పది రోజులు పార్శిళ్ళు చేరడానికి. తర్వాతి వారం విడదీసి పంపడం. మిగిలింది ఆలస్యాల కింద. ఆఖరి తేదీ అంటే మీకు చేరాల్సిన రోజా, పోస్టు చేయాల్సిన రోజా అన్నది ముందే స్పష్టంగా రాయండి. పోస్టు చేసే రోజు పెట్టుకుంటే గొడవ తక్కువ, రసీదు మీద తేదీ ఉంటుంది కాబట్టి.

ఆషాఢం తగ్గింపుల్లో గుడ్డ కొని, ఆ నెలలోనే కోసి, శ్రావణం పూజలు మొదలయ్యే లోపు పోస్టు చేస్తే డబ్బూ కలిసొస్తుంది, తీరికా ఉంటుంది. లేదంటే సంక్రాంతి అయిన వారంనుంచి ఉగాది ముందు దాకా. దసరా, దీపావళి మధ్య పెట్టొద్దు. కుట్టే చేతులకు అప్పుడు జాకెట్ల పనే సరిపోతుంది, పైగా కడప వైపు అవి వానల రోజులు.

పిలుపు సందేశం ఈ మాత్రం ఉంటే చాలు:

“5 ఇంచుల (12.7 సెం.మీ.) చతురస్రాలు, ఒకే డిజైను, 48 ముక్కలు. అచ్చమైన నూలు, కొత్త గుడ్డ, పోగు కాల్చి చూసినది. ఉతికి, రంగు పరీక్ష చేసి, ఇస్త్రీ చేశాకే కోయాలి. సూదులు, రబ్బరు బ్యాండ్లు, పసుపు కుంకుమలు, నాఫ్తలీన్ ఉండలు వద్దు. పోస్టు చేయాల్సిన ఆఖరి రోజు ఫలానా. కొలత తప్పినవి, రంగు దిగినవి పంచం, మీకే తిరిగి పంపుతాం. వాటి బదులు ముక్కలు రావు. తిరుగు పోస్టు ఖర్చు ముందే కట్టాలి.”

ముక్కలు వచ్చాక

పార్శిలు వచ్చిన రోజే తెరిచి చూడండి. అన్నీ వచ్చాక చూద్దామనుకుంటే తప్పు దిద్దుకోవడానికి పంపినవాళ్ళకు సమయం మిగలదు. తూకం వేస్తే లెక్క కొంత తెలుస్తుంది: వంటింటి తూకంలో పది ముక్కల బరువు చూసి, మొత్తాన్ని దానితో పోల్చితే 48 ఉన్నాయో లేదో దాదాపుగా తెలుస్తుంది. తర్వాత దొంతరలో పైది, నడిమిది, కిందిది తీసి యాక్రిలిక్ అచ్చు కింద పెట్టండి. మూడూ సరిపోతే మిగతావీ సరే అనుకోవచ్చు, ఒక్కటి తేడా వచ్చినా అన్నీ చూడాలి. పెద్దగా ఉన్నవాటిని అచ్చుకు సరిగ్గా మీరే కోసి పెట్టొచ్చు. చిన్నవాటికి మందు లేదు.

ముదురు రంగు ప్రతిదానిలో అదనపు ముక్కల్లోంచి ఒకటి తీసి రంగు పరీక్ష మీరూ చేయండి, చీటీలో ఏం రాసి ఉన్నా సరే. అన్నింటికన్నా ఎక్కువ ఫలితమిచ్చే పని ఇదే. చివరగా వాసన. నాఫ్తలీన్, అగరొత్తులు, పొయ్యి పొగ వాసన ఒక కట్టనుంచి ఇంకోదానికి పాకుతాయి. అలాంటి కట్టను విప్పి రెండు రోజులు నీడలో గాలికి పెట్టాకే మిగతావాటితో కలపండి.

విడదీసే రోజు నేల తుడిచి, ఆరిన చాప పరిచి, ఫ్యాను ఆపేసి కూర్చోండి. పన్నెండు స్టీలు పళ్ళేలు వరసగా పెట్టి ఒక్కో దాంట్లో పేరు చీటీ వేయండి. ఒక సభ్యురాలి గుడ్డ తీసుకుని, ఆమె పళ్ళెం మాత్రం బోర్లించి, మిగతా పదకొండింటిలో నాలుగేసి ముక్కలు వేసి, పళ్ళెం మళ్ళీ తిప్పి పెట్టండి. ఆ బోర్లించడం మరిచిపోతే తన గుడ్డ తనకే వెళ్తుంది, చివరికి ఎవరికో నాలుగు తక్కువ పడతాయి. పన్నెండూ అయ్యాక ఒక్కో పళ్ళెంలో 44 ఉండాలి. మీ దగ్గర అదనపు ముక్కలు 48 దాకా మిగులుతాయి. అవి వచ్చే విడతకు, లేదా కొత్తగా నేర్చుకునేవాళ్ళకు.

రానివాళ్ళ సంగతి

ఒకరిద్దరు ఆలస్యం చేస్తారు. ఆఖరి తేదీ దాటిన మర్నాడే ఫోను చేసి అడగండి, ఒక వారం గడువివ్వండి, ఆపైన ఆగకండి. మీ దగ్గర ముందే కోసి పెట్టుకున్న ఒక డిజైను 44 ముక్కలు ఉంటే మిగతా పదకొండు మందికీ లోటు ఉండదు. నడిపేవారు మొదటి రోజే చేసి పెట్టుకోవాల్సిన ఏర్పాటు ఇది. తర్వాత చేరిన పార్శిలును విప్పకుండా, వాళ్ళు కట్టిన తిరుగు ఖర్చుతోనే వెనక్కి పంపేయండి.

పోస్టులోనే ఆగిపోతే రసీదు నంబరుతో పంపినవాళ్ళే ఫిర్యాదు చేయాలి. పంపిన పోస్టాఫీసులో అడిగితే త్వరగా తేలుతుంది. ఇంట్లో ఎవరూ లేక తిరిగి వెళ్ళిన పార్శిళ్ళే ఎక్కువ, కాబట్టి మీరు పంపిన రోజే అందరికీ వాళ్ళ వాళ్ళ నంబర్లు ఇవ్వండి.

కొలత తప్పిన కట్ట తిప్పి పంపేటప్పుడు కారణం చీటీ మీద రాసి, ఒక ఫోనూ చేయండి. అచ్చు పక్కన ముక్క పెట్టి తీసిన ఫొటో ఆమె ఒక్కరికే పంపాలి, గ్రూపులో కాదు.

వేరుగా పెట్టుకోవాల్సిన మార్పిడులు

పట్టు ముక్కలు ధర్మవరం, ఉరవకొండ వైపు సులభంగా దొరుకుతాయి, జాకెట్లు కుట్టే టైలర్ల దగ్గర మిగులుతుంటాయి. వీటి కోసం విడిగా పట్టు మార్పిడి పెట్టండి. ఉతుకు నియమం తీసేసి, మడత దగ్గర చిట్లని గుడ్డే పంపాలని రాయండి. పాత పట్టు మడత పడినచోటే చీలుతుంది, కాబట్టి మడవకుండా చుట్టగా చుట్టి పంపాలి. జరీ అంచు ముక్కలు లెక్కలోకి రావు.

రాయదుర్గం జీన్స్ కత్తిరింపులు గట్టి బొంతలకు బాగుంటాయి. బరువు నూలుకు మూడింతలు, పోస్టు ఖర్చు అందుకు తగ్గట్టే లెక్క కట్టుకోవాలి. కుట్టుకు పావు ఇంచి చాలదు, అర ఇంచి వదలాలి; ముక్క ఆరించులు పెట్టుకోండి. మాచాని సోమప్ప నిలబెట్టిన చేనేత సంఘంతో పేరొచ్చిన ఎమ్మిగనూరు దుప్పటి గుడ్డ కూడా ఈ బరువైన వాటితోనే కలుస్తుంది, పలచని అచ్చు నూలుతో కలవదు.

పాత నూలు చీరల మార్పిడి అన్నింటికన్నా ఇష్టంగా జరిగేది. పిల్లల బొంతలకు అంత మెత్తని గుడ్డ కొత్తది దొరకదు. కానీ వేరేవాళ్ళు కట్టిన చీర గుడ్డ తీసుకోవడం అందరికీ ఇష్టం ఉండదు, అడిగి ఒప్పుకున్నవాళ్ళతోనే పెట్టుకోండి. చీరను వెలుతురుకు ఎత్తి పట్టి చూడాలి. పోగులు పలచబడి వెలుతురు మచ్చలుగా కనిపించిన చోటు వదిలేయాలి. రెండు బొటనవేళ్ళతో పట్టి గట్టిగా లాగితే చిరిగేది బొంతలో ఏడాది నిలవదు. కుచ్చెళ్ళ కింది భాగం అరిగి ఉంటుంది, కొంగు వైపు గట్టిగా ఉంటుంది. కోత అక్కడినుంచే మొదలుపెట్టమనండి. అరవై శాతం చీరే పనికొస్తుందనుకుని ముక్కల సంఖ్య తలా 24కి తగ్గించి, రెండేసి చొప్పున పంచుకోండి.